వారానికి ఒక్క మార్నింగ్ షో వేయించండి: సినిమాటోగ్రఫీ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను సినిమా ఫీల్డు మనిషిని కాను, హాలు ఓనర్ని అసలే కాను. సికింద్రాబాద్‌లో పెరిగి, లైన్లో నిలబడి టికెట్ కొని బొమ్మ చూసినవాణ్ణి. టికెట్ రేట్లు పెంచమని, బెనిఫిట్ షోలకి పర్మిషన్ ఇమ్మని, అద్దెల గొడవ తేల్చమని మీ దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నేను అడిగేది చిన్న పని. ఇంకా నిలబడి ఉన్న ఒక పాత సింగిల్ స్క్రీన్ హాలు చూసి, అందులో వారానికి ఒక్క మార్నింగ్ షో ప్రభుత్వం తరఫున మాట్లాడి, పాత యుద్ధ సినిమాలు పెద్ద తెర మీద వేయించండి.

యుద్ధ సినిమాలే ఎందుకని మీరు అడగొచ్చు. సికింద్రాబాద్ 1806లో కంటోన్మెంట్‌గా పుట్టిన ఊరు. మిలిటరీ వాళ్ళు, రైల్వే వాళ్ళు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, కాలేజీ కుర్రాళ్ళు, వీళ్ళందరి వల్ల ఇక్కడ ఇంగ్లిష్ బొమ్మలకి ఒక ప్రత్యేకమైన గిరాకీ ఉండేది. ప్లాజా, టివోలీ, సంగీత్, అటు బషీర్‌బాగ్‌లో స్కైలైన్, ఈ పేర్లు చెబితే చాలు, మా వయసు వాళ్ళు గంటసేపు మాట్లాడతారు. దానికి తోడు 1971లో హాలీవుడ్ కంపెనీలతో మన దేశానికి ఉన్న ఒప్పందం గడువు తీరిపోయి, కొన్నేళ్ళపాటు వాళ్ళ కొత్త సినిమాల రాకకు బ్రేక్ పడింది. దాంతో అరవైల నాటి ప్రింట్లే మళ్ళీ మళ్ళీ తిరిగాయి. గీతలు పడి, మధ్యలో అతుకులు వేసి, ఒక్కోసారి రీలు తెగి లైట్లు వెలిగినా సరే, 'ది గన్స్ ఆఫ్ నవరోన్' ఆడుతోందంటే హాలు నిండేది.

మార్నింగ్ షోకి పోతే ముందు వరుసల్లో సివిల్ డ్రెస్సులో ఉన్నా కటింగ్ చూసి గుర్తుపట్టేయగలిగే జవాన్లు ఉండేవాళ్ళు. మా పక్కన కూర్చున్న ఒక హవల్దార్ గారు సినిమా నడుస్తుండగానే, "మెషిన్‌గన్ అట్ల ఆపకుండ కాల్చరు బాబూ, బ్యారెల్ కాలిపోతది" అని చెప్పడం నాకు ఇప్పటికీ గుర్తు. డైలాగులు మాకు సగమే అర్థమయ్యేవి. అయినా ఎవడు భయపడుతున్నాడో, ఎవడు మోసం చేయబోతున్నాడో, వంతెన కింద ఉన్న వైరు ఎవరి కంట పడుతుందో అన్న టెన్షన్‌కి భాష అక్కర్లేదు. ఒకే వరుసలో కాలేజీ లెక్చరరూ, ఆటో డ్రైవరూ, సిపాయీ కూర్చుని ఒకే క్షణంలో ఊపిరి బిగబట్టేవాళ్ళు.

'వేర్ ఈగిల్స్ డేర్' మొదలయ్యే తీరు గుర్తుచేసుకోండి. మంచు కొండల మీద ఒక విమానం, కింద నుంచి లేచే ఆ డ్రమ్స్, రాన్ గుడ్విన్ సంగీతం. దాన్ని ఫోన్లో చూస్తే ఏముంది, వేలెడంత విమానం. 70 ఎం.ఎం. ప్రింటు అంటే ఫిల్ము వెడల్పు ఒక్కటే కాదు, ఆ ఫిల్ము అంచుల మీదే ఆరు ట్రాకుల మ్యాగ్నెటిక్ సౌండు ఉండేది, ఐదు స్పీకర్లు తెర వెనక, ఆరో ట్రాకు హాలంతా. విమానం ఎడమ నుంచి కుడికి పోతుంటే చప్పుడు కూడా దానితోపాటే పోయేది. అప్పుడు తల తిప్పని వాళ్ళు ఉండేవాళ్ళు కాదు.

ఒకసారి ఒక హాల్లో ఆపరేటర్ గారిని బతిమాలితే పైకి, ప్రొజెక్టర్ రూముకి రానిచ్చారు. ఇరుకు గది, కొలిమి దగ్గర నిలబడినంత వేడి. రెండు మెషిన్లు పక్కపక్కన. లోపల రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే వెలుగుని నల్లద్దం లోంచే చూడాలి, కడ్డీలు కాలి అరిగిపోతుంటే చేత్తో దగ్గరికి జరుపుతూ ఉండాలి, లేకపోతే తెర మీద బొమ్మ పసుపెక్కిపోతుంది. రెండు వేల అడుగుల రీలు దాదాపు 22 నిమిషాలు. రీలు చివరికొచ్చేసరికి తెర కుడి పై మూల చిన్న చుక్క పడుతుంది, అది చూసి ఆయన రెండో మెషిన్ మోటార్ వేశారు, ఇంకో చుక్క పడగానే ఇటు మూసి అటు తెరిచారు. కింద కూర్చున్న వందల మందిలో ఒక్కరికీ తెలియలేదు. అలాంటి పనివాళ్ళని డిజిటల్ వచ్చాక "ఇక మీరు అక్కర్లేదు" అని ఇంటికి పంపేశారు. మెషిన్లు పాత ఇనుము కింద తూకానికి పోయాయి. ఇది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది మంత్రి గారూ.

నా జ్ఞాపకాల కోసమే ఇదంతా రాస్తున్నానని అనుకోకండి. ఈ సినిమాలు చూపించి, తర్వాత మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది. డేవిడ్ లీన్ 1957లో తీసిన 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' శ్రీలంకలో తీశారు, నిజంగా వంతెన కట్టి, నిజం రైలుతో సహా పేల్చారు. ఏడు ఆస్కార్లు వచ్చాయి. సినిమా అంతా బ్రిటిష్ ఖైదీల కథే. కానీ 1942-43లో జపాన్ సైన్యం వేయించిన ఆ సయాం (ఇప్పటి థాయ్‌లాండ్)-బర్మా రైలు మార్గం మీద చచ్చిపోయిన వాళ్ళలో తెల్లవాళ్ళ కంటే ఆసియా కూలీలే ఎన్నో రెట్లు ఎక్కువ. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకుపోయిన తమిళులు వేలమంది, వాళ్ళతోపాటు మన తెలుగువాళ్ళు కూడా. 415 కిలోమీటర్ల ఆ దారిలో మనవాళ్ళ ఎముకలు ఉన్నాయి. ఈ సంగతి మన పిల్లలకి ఏ పాఠంలో చెబుతున్నాం? సినిమా అయిపోయాక ఒక చరిత్ర మాస్టారు పది నిమిషాలు మాట్లాడితే, అంత గొప్ప సినిమా కూడా ఎవరిని వదిలేసిందో వాళ్ళకి తెలుస్తుంది.

అలాగే చేతన్ ఆనంద్ 1964లో తీసిన 'హకీకత్'. 1962 చైనా యుద్ధం తర్వాత, లదాఖ్ వెళ్ళి తీసిన సినిమా. ఓడిపోయిన యుద్ధం మీద అంత నిజాయితీగా సినిమా తీయడం మామూలు విషయం కాదు. చివర్లో రఫీ పాడిన పాట రాసింది కైఫీ ఆజ్మీ, షౌకత్ గారిని చేసుకుని మన హైదరాబాద్‌కి అల్లుడైన మనిషి. తెలుగులో చూస్తే యుద్ధ సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, 2015లో 'కంచె', 2017లో 'ఘాజీ' అలా కొన్ని. తీయాలన్న కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు పెద్దవాళ్ళ పని పెద్ద తెర మీద చూడాలంటే ఎక్కడికి పోవాలి?

సంగీత్ లేదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఓడియన్ పోయింది, సుదర్శన్ 70 ఎం.ఎం. పోయింది. 2024 మే నెలలో జనం రాక, కరెంటు బిల్లు కూడా గిట్టక, రాష్ట్రంలో సింగిల్ స్క్రీన్లు కొన్నాళ్ళు తామంతట తామే మూసుకున్నాయి. ఓనర్లని నేను తప్పుపట్టను. సెంటర్లో అంత జాగా పెట్టుకుని ఖాళీ సీట్లకి బొమ్మ వేయమని ఎవరినైనా ఎలా అడుగుతాం?

అందుకే హాళ్ళు కొనమని నేను అడగడం లేదు. మామూలు రోజుల్లో మార్నింగ్ షోకి ఎలాగూ పెద్దగా జనం ఉండరు. ఆ ఒక్క ఆట అద్దె ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ కట్టాలి. ఈ పాత సినిమాలు చాలావాటికి శుభ్రం చేసిన డిజిటల్ కాపీలు ఉన్నాయి, హక్కుదారుల దగ్గర లైసెన్సు తీసుకోవాలి, ఆ ఉత్తరప్రత్యుత్తరాలు ఒక మామూలు ప్రేక్షకుడు చేయలేడు, మీ ఆఫీసు చేయగలదు. సెన్సార్ సర్టిఫికెట్‌కి ఉన్న పదేళ్ళ గడువు కూడా 2023 చట్ట సవరణతో తీసేశారు. టికెట్ వంద రూపాయల లోపే పెట్టండి, 2025 సెప్టెంబర్ నుంచి ఆ టికెట్ల మీద జీఎస్టీ 5 శాతమే. ఎన్‌సీసీ పిల్లలకి, మాజీ సైనికులకి ఫ్రీగా ఇవ్వండి.

రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది కదా అంటారేమో. అది మంచి హాలే, అక్కడ సినిమాలు చూపించి చర్చలు పెట్టినవాళ్ళకి దండం పెడతాను. కానీ అది చిన్నది. పడవ మునిగేటప్పుడు, వంతెన పేలేటప్పుడు వందల మంది ఒక్కసారిగా "అబ్బా" అనాలంటే బాల్కనీ ఉన్న హాలే కావాలి.

ఇంకొక్క మాట. ఏ హాలైనా కూల్చడానికి పర్మిషన్ ఇచ్చే ముందు మీ శాఖ నుంచి ఒక మనిషిని పంపండి. ఫోటోలు తీయించండి. ప్రొజెక్టర్, పోస్టర్లు, పాత టికెట్ పుస్తకాలు, రీలు పెట్టెలు ఏమున్నా ప్రభుత్వం తీసుకోవాలి. 2017లో మన రాష్ట్రం వారసత్వ చట్టం చేసుకుంది, ఆ చట్టం కింద పాత సినిమా హాళ్ళని కూడా పరిశీలించమని ఒక కమిటీ వేయొచ్చు. ముంబైలో 1938 నాటి ఈరోస్ హాలు 2024లో మళ్ళీ తెరుచుకుంది, భవనం బయటి రూపం అలాగే ఉంది. అక్కడ అయిన పని ఇక్కడ ఎందుకు కాదు?

ఆపరేటర్లుగా పనిచేసిన పెద్దవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు, వాళ్ళతో కూర్చుని వీడియో రికార్డింగ్ చేయించే పని మాత్రం వాయిదా వేయకండి. మనుషుల్ని వెతికిపెట్టడానికి, షో రోజు గేటు దగ్గర నిలబడడానికి నాలాంటి వాళ్ళం చాలామందిమి ఉన్నాం, జీతం అక్కర్లేదు. మొదటి షోకి ఏ హాలు, ఏ తారీఖు అన్నది మీరు తేల్చి చెప్పండి.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక పాత మార్నింగ్ షో ప్రేక్షకుడు