నారా ఆలయాల పాదయాత్రపై ఫిర్యాదు

యాత్రల విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

గత అక్టోబరులో మీ సంస్థ జపాన్ యాత్రలో మా అమ్మ, నేను నారా చూశాం. అమ్మ హైస్కూల్లో సాంఘిక శాస్త్రం బోధించి రిటైరైంది. 'చరిత్ర తెలిసిన తెలుగు గైడుతో పురాతన బౌద్ధ ఆలయాల పాదయాత్ర' అని మీ కరపత్రంలో చూసి బయలుదేరింది. నెల ముందు నుంచే ఒక నోటుబుక్కులో పద్నాలుగు ప్రశ్నలు రాసుకుంది. హోటలు, భోజనం విషయంలో నాకు ఏ ఇబ్బందీ లేదు. నా ఫిర్యాదంతా ఆ పాదయాత్ర గురించే.

ఉదయం తోదాయ్‌జీ ఆలయానికి వెళ్ళాం. సుమారు 15 మీటర్ల ఎత్తున్న కంచు బుద్ధుడి ముందు మీ గైడు, "ఫొటోలకు పావుగంట, తరువాత గేటు దగ్గర కలుద్దాం" అని ఊరుకున్నాడు. అమ్మ అతని దగ్గరికి వెళ్ళి, "బోధిసేనుడు కళ్ళు తెరిపించింది ఈ స్వామికేనా బాబూ?" అని అడిగింది. ఆ పేరు వినలేదన్నాడు. దక్షిణ భారతం వాడని చెప్పే ఆ భిక్షువు 736లో జపాన్ చేరాడు. 752లో ఈ బుద్ధుడికి నేత్రోన్మీలనం, అంటే కుంచెతో కళ్ళు దిద్దే క్రతువు, చేసింది ఆయనే. ఆయన పట్టిన కుంచెకు పొడవాటి దారాలు కట్టి, వాటిని సభలోని జనం పట్టుకున్నారట. ఆ కుంచె అక్కడి షోసోయిన్ భాండాగారంలో నేటికీ ఉంది. మన వైపు నుంచి అంత దూరం వెళ్ళిన మనిషి గురించి ఆ విగ్రహం ఎదుట చెప్పలేకపోతే మాకు తెలుగు గైడు దేనికి?

ఆ తరువాత కార్యక్రమంలో లేని ఒక దుకాణంలో గంటకు పైగా కూర్చోబెట్టారు. అందువల్ల హోర్యూజీ ఆలయానికి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. ఐదింటికి మూసేస్తారు. షోతోకు యువరాజు 607లో నెలకొల్పిన చోటు అది. 670లో కాలిపోతే మళ్ళీ కట్టారు. ప్రపంచంలో నిలిచి ఉన్న అతి పాత చెక్క కట్టడాలు అక్కడే ఉన్నాయి. అమ్మ పిల్లలకు అజంతా పాఠం చెప్పేటప్పుడు దానితో పోల్చి చెప్పిన కుడ్యచిత్రాలు 1949లో మంటల్లో పాడైందీ అక్కడే. వాటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. సంగ్రహాలయంలోకి వెళ్ళే వ్యవధే లేదు.

ప్రాకారపు నడవలో అమ్మ ఒక స్తంభం మీద అరచెయ్యి ఆనించి పైకీ కిందకీ నిమిరి చూసింది. నడుమ కాస్త లావుగా, పైకి వెళ్ళేకొద్దీ సన్నగా ఉంది. "ఇలా ఎందుకు చెక్కారు?" అని అడిగితే, "పాతది కదమ్మా, ఉబ్బి ఉంటుంది" అన్నాడు. అది శిల్పులు కావాలని చెక్కిన తీరు. అమ్మకు ఆ సంగతి తెలుసు, ఎందుకో తెలుసుకుందామని అడిగింది. నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకుంది. మళ్ళీ తీయలేదు.

ఆ అబ్బాయి మర్యాదస్తుడు, పెద్దవాళ్ళను చెయ్యి పట్టి మెట్లెక్కించాడు. తర్ఫీదు ఇవ్వకుండా అతన్ని పంపిన తప్పు మీది.

ఆ రోజుకు మా ఇద్దరి దగ్గర తీసుకున్న సొమ్ము తిరిగి చెల్లించండి. తరువాతి బృందానికి హోర్యూజీని ఉదయం పెట్టండి, దుకాణం తీసేయండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

అమ్మ రాసుకున్న పద్నాలుగు ప్రశ్నల జిరాక్సు కాపీ దీనికి జతచేశాను. తెలిసినవారి చేత వాటికి జవాబులు రాయించి, అమ్మ పేరున పంపండి.

ఇట్లు,
భవదీయురాలు