పాత చెక్క పడవకు ఫైబర్ తొడుగు వేయకండి

సంపాదకులకు,

2024 సెప్టెంబరు వరదలో కట్లు తెంచుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొట్టి కౌంటర్‌వెయిట్లను (గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మలను) దెబ్బతీశాయి. అప్పటినుంచి కృష్ణ ఒడ్డున పాత పడవ కనబడితే చాలు, తీసి పారేయమంటున్నారు. ఆ భయంలో న్యాయం ఉంది. కానీ గేట్లను గుద్దినవి భారీ ఇనుప పడవలు. ఇరవై అడుగుల నాటు చెక్క పడవ సంగతి వేరు. ఒకప్పుడు బెజవాడ నుంచి ఏలూరు కాలువలో గోదావరి దాకా, అటు కొమ్మమూరు కాలువలో పెదగంజాం మీదుగా బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా సరుకు మోసినవి చెక్క పడవలే. అలాంటి పనితనం ఇంకా మిగిలి ఉన్న పడవను కొని ఆదివారాల్లో బాగుచేసుకుందామనుకునేవారికి నలుగురూ ఇచ్చే సలహా ఒకటే: 'పైన ఫైబర్ కొట్టించెయ్, ఇక చూసుకోనక్కర్లేదు.' పడవను చంపేది ఆ సలహాయే.

చెక్క నీరు తాగితే అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. పలకల పడవ కారకుండా ఉండేది ఆ ఉబ్బు వల్లే. ఫైబర్ అంటే రెజిన్ జిగురు పట్టించిన గాజు పీచు తొడుగు, అది అలా కదలదు. పైగా ఆ పాలిస్టర్ రెజిన్ నూనె గుణమున్న టేకుకూ పట్టదు, ఏళ్లకేళ్లు నీళ్లు తాగిన పలకకూ పట్టదు. ఎండలూ వానలూ మారేకొద్దీ అంచుల దగ్గర తొడుగు లేస్తుంది. అక్కడ దూరిన నీరు బయటికి రాదు, ఆరదు. పైకి పడవ మెరుస్తూనే ఉంటుంది, లోపల పలక పిండైపోతుంది. తారు పూసి రేకు కొట్టినా, అడుగున సిమెంటు పోసినా జరిగేది ఇదే.

మన దగ్గర కృష్ణది మంచినీరు. నాగాయలంక, హంసలదీవి వైపు ఉప్పునీటిలో చెక్కను తొలిచే పురుగు ఉంటుంది, ఇక్కడ ఆ బెడద లేదు. ఇక్కడి శత్రువు వాననీరు. ఎప్పుడూ మునిగి ఉండే భాగానికి గాలి అందదు కనుక అది త్వరగా కుళ్లదు. కుళ్లు మొదలయ్యేది నీటి గీతకు పైన, పక్కటెముకల్లాంటి వంపు కర్రల తలల దగ్గర, ముందు కొసలో పలకలు కలిసే చోట, ఇనప మేకుల చుట్టూ. కొనేముందు ఆ చోట్లన్నీ సుత్తి పిడితో తట్టి చూడాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది, పోయిన చెక్క డొల్లగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట ఉలి కొసతో చిన్న పేడు లేపి విరవండి. పొడుగ్గా పీచులా చీలితే చెక్కలో చేవ ఉన్నట్టు. టపుక్కున పొట్టిగా తెగిపోతే, పైన రంగు ఎంత బాగున్నా, ఆ పలక పోయినట్టే. తర్వాత అడుగు దూలం పొడవునా దారం లాగి కట్టండి. ఇరవై అడుగుల పడవలో మధ్యభాగం పైకి లేచి రెండు కొసలూ ఒక అంగుళం కంటే ఎక్కువ వాలి ఉంటే దాని నడుం విరిగింది. మొదటిసారి ఈ పనికి దిగేవారు అలాంటి పడవ జోలికి పోవద్దు.

ఒడ్డుకు లాగాక చేసే మొదటి పని పలకలు ఊడదీయడం కాదు, ఊతం ఇవ్వడం. అడుగు దూలం కింద నాలుగైదు అడుగులకొక దిమ్మ, రెండు పక్కలా అడుగు ఒంపు తిరిగే చోట వాలు గుంజలు పెట్టి, దారం సరిగ్గా నిలిచేదాకా ఏటవాలు చెక్క ముక్కలు దోపి సర్దాలి. పడవ ఆకారాన్ని పట్టి ఉంచేవి పలకలూ వంపు కర్రలూ కలిసే. రెండూ ఒకేసారి విప్పితే పడవ విచ్చుకుపోతుంది, మళ్లీ పాత ఒంపు రాదు. అందుకని ఒకటి విడిచి ఒకటి చొప్పున వంపు కర్రలు మార్చి, అవి బిగిశాకనే పలకలకు రావాలి.

వంపు కర్రలకు నల్లతుమ్మ వాడండి. నిటారు దుంగను వంకరగా కోస్తే నార అడ్డంగా తెగి మొదటి గుద్దుకే చీలుతుంది. కొమ్మ సహజంగా వంగిన చోటు చూసి ఏరుకోవాలి, బాడితతో చెక్కుకోవాలి. పలకలకు టేకు, లేదా మద్ది. టింబర్ డిపోలో అడగవలసింది ధర ఒక్కటే కాదు: అంచున తెల్లగా ఉండే పాలచెక్క లేకుండా చేవ (లోపలి ముదురు చెక్క) మాత్రమే కావాలని చెప్పాలి. పాలచెక్క పలక టేకుదైనా ముందు కుళ్లేది అదే. ఇరవై అడుగుల పడవకు ఒక అంచు నుంచి అడుగు మీదుగా రెండో అంచుదాకా చుట్టుకొలత సగటున 7 అడుగులు అనుకుంటే 140 చదరపు అడుగులు, అంగుళం మందానికి దాదాపు 12 ఘనపుటడుగులు (సీఎఫ్‌టీ). అందులో మూడో వంతు మార్చాలంటే లెక్కకు 4 వస్తుంది, ఒంపులు కోసేటప్పుడు పోయే తరుగు కలిపి 6 కొనుక్కోవాలి. అతుకు పెట్టవలసి వస్తే మందానికి ఎనిమిది రెట్లు ఏటవాలు ఉండాలి, అంటే అంగుళం పలకకు 8 అంగుళాలు. పక్కపక్క పలకల అతుకుల మధ్య కనీసం మూడు వంపు కర్రల ఎడం ఉండాలి.

మేకుల దగ్గర పొదుపు చేయవద్దు. ఇనప మేకు తుప్పు పట్టి ఉబ్బి పలకను చీలుస్తుంది, చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడుతుంది. చదరపు రాగి మేకు కొట్టాలి: ముందు దానికంటే కాస్త సన్నగా బెజ్జం వేసి, లోపలి వైపు రాగి బిళ్ల తొడిగి, మిగిలిన కొస కత్తిరించి, చిన్న సుత్తితో దెబ్బ మీద దెబ్బగా చదును చేయాలి. ఆ సమయంలో బయట ఇంకొకరు మేకు తల మీద బరువైన ఇనప దిమ్మ ఒత్తి పట్టుకోవాలి, కాబట్టి ఇది ఇద్దరు మనుషుల పని. ఒకే పలకలో పాత ఇనప మేకులు వదిలి పక్కనే రాగివి కొట్టకూడదు. తడిలో రెండు లోహాలూ కలిస్తే ఇనుము చాలా త్వరగా తినుకుపోతుంది.

ఎక్కువ పడవలు చెడేది సందులు పూడ్చేటప్పుడు. మే నెలలో విజయవాడ ఎండకు పలకలు ముడుచుకుని సందులు నోళ్లు తెరుస్తాయి. అది చూసి కంగారుపడి పీచు దట్టంగా కూరితే, నీళ్లలో దిగాక పలకకు ఉబ్బే చోటు లేక మేకుల తలలు లాక్కుపోతాయి, వంపు కర్రలు పగులుతాయి. ఎండాకాలమంతా పడవను నీడలో ఉంచి తడి గోనె సంచులు కప్పాలి. సందులు పూడ్చే పని వానల తర్వాత, చెక్క తేమ పట్టుకున్నాక పెట్టుకోవాలి. పలకల సందు లోపలి వైపు బిగుతుగా, బయటి వైపు కొద్దిగా విచ్చుకుని ఉండాలి. వదులుగా పేనిన దూదిని మొద్దు ఉలితో మందంలో సగం దాటేదాకా దించి, పైన గుగ్గిలం ముద్ద నింపాలి. గుగ్గిలం పొడిని నూనెలో సన్న సెగ మీద కరిగించి, చుక్క తీసి చల్లార్చి గోటితో నొక్కండి: గుంట పడాలి, పగలకూడదు. పగిలితే నూనె చాలలేదు, జారిపోతుంటే గుగ్గిలం చాలలేదు. ఈ పని ఆరుబయటే చేయాలి. నూనె అంటుకుంటే నీళ్లు పోయవద్దు, మూత వేయండి.

లోపలి వైపు మందపు పెయింటు వద్దు, ఉడికించిన అవిసె నూనె చాలు. ఆ నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఒక్కొక్కటీ విడిగా పరిచి ఆరబెట్టాలి.

ఆదివారాల్లో చేసే పనికి మన నది క్యాలెండర్ బాగానే కుదురుతుంది. సంక్రాంతికి ఒడ్డెక్కించి, వేసవిలోపు వంపు కర్రలు, ఆషాఢంలోపు పలకలు ముగించి, దసరా దాటాక సందులు పూడ్చి, వరద తగ్గిన కార్తీకంలో నీళ్లలో దించవచ్చు. దించిన మొదటి రోజు పడవ కారుతుంది, అది మామూలే. లోతు లేని నీళ్లలో కట్టి, మనుషులను ఎక్కించకుండా, నీరు తోడుతూ మూడు నాలుగు రోజులు ఉబ్బనివ్వాలి. అప్పటికీ కారే చోటుంటే సుద్దతో గుర్తు పెట్టి మళ్లీ పైకి తీయండి. మునుగుతున్నప్పుడు బయటి నుంచి ఎంసీల్ పూయడం దండగ.

2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి జరిగిన ఘోరం మరిచిపోదగినది కాదు. బాగుచేసిన పడవలో కూడా లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించకూడదు. ఇంజన్ బిగిస్తే 2021 నాటి ఇన్‌లాండ్ వెస్సెల్స్ చట్టం ప్రకారం తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

ఈ పనికి ప్రభుత్వం నుంచి కావలసింది డబ్బు కాదు, చోటు. ఇప్పుడు పడవలు ఎవరికి తోచిన చోట వాళ్లు కట్టేస్తున్నారు, వరద వస్తే కట్టు నిలుస్తుందో లేదో ఎవరూ చూడడం లేదు. సీతానగరం వైపున గానీ, భవానీ ద్వీపం ఎదురుగా గానీ వరద మట్టానికి పైన ఒక వాలు స్థలం, కాస్త నీడ, కాంక్రీటులో దింపిన ఇనప కడియాలు జలవనరుల శాఖ చూపిస్తే చాలు. అక్కడ ఉన్న ప్రతి పడవకూ నంబరు వేసి, జులైలో ఒకసారి ఇంజనీరు వచ్చి ముందు వెనుకా రెండు కట్లూ చూసి సంతకం పెట్టి వెళ్లాలి. కట్టు బాగాలేని పడవను ఆ రోజే ఒడ్డెక్కించాలి.

— ఒక పాఠకుడు,
సీతానగరం, తాడేపల్లి మండలం, గుంటూరు జిల్లా