అమ్మలూ, ఆ కనుబొమల సంగతి

అమ్మలూ,

నీ గొంతు విని ఇరవై రోజులైంది. నాకేం టెన్షన్ లేదు, ఊరికే రాస్తున్నాను. నిన్న పిన్ని ఫోన్ చేసి, నువ్వు కనుబొమలు మొత్తం తీసేసి పెన్సిల్ గీత పెట్టుకున్నావని చెప్పింది. పిన్ని మాటలు సగానికి సగం తగ్గించుకోవాలనుకో. మీ నాన్న ఆ ఫొటో తెప్పించుకుని చూసి "బాగానే ఉందే" అన్నారు. ఆయనకు నేను జుట్టు కత్తిరించుకుంటేనే వారానికిగానీ తెలియదు.

పాతకాలపు సోకుల మీద నీ మోజు నాకు కొత్తా! ఆ చంద్రవంక గోళ్లు నాకూ ఇష్టమే. 1920, 30ల్లో గోరు మొదట్లో తెల్లటి వంకని వదిలేసి రంగు వేసేవాళ్లు, కొందరు చివరి అంచునీ వదిలేవాళ్లు. కార్ల పెయింట్లలో వాడే నైట్రోసెల్యులోజ్ అనే పదార్థమే గోళ్ల రంగులోకీ వచ్చింది. ముదురు ఎరుపు వేసేటప్పుడు కింద బేస్ కోటు మర్చిపోకు, గోళ్లు పచ్చబడతాయి. మధ్యలో కొన్నాళ్లు ఖాళీగా కూడా ఉంచు.

కనుబొమలంటే గుర్తొచ్చింది. కాలేజీలో 30ల నాటి కథతో నాటకం వేశాం. మీ పెద్దత్త అప్పుడు నా రూమ్మేటు. ఫైలు కాగితాల చిల్లులకి అంటించే గుండ్రటి స్టిక్కర్లు గోళ్ల మీద పెట్టి చంద్రవంకలు దిద్దింది. అక్కడితో ఆగామా? 30ల నాటి హాలీవుడ్ నటి జీన్ హార్లో ఫొటో ముందు పెట్టుకుని ప్లక్కర్ తీసింది. నా కుడి కనుబొమ సన్నబడింది. దానికి సరిపోవాలని ఎడమవైపు పీకింది. అది మరీ సన్నమైందని మళ్లీ కుడివైపు. తెల్లారేసరికి పీకడానికేం మిగల్లేదు. పెన్సిల్‌తో గీసుకుని స్టేజీ ఎక్కాను. లైట్ల వేడికి చెమట. నాటకంలో తండ్రి పోయిన సీను, ఏడుస్తూ నుదురు తుడుచుకున్నాను. ఎడమ కనుబొమ కణత దాకా వెళ్లిపోయింది. హాలంతా ఒకటే నవ్వు. శవం వేషం వేసినవాడు కూడా ఆపుకోలేకపోయాడు.

కుడిది మూడు నెలలకి వచ్చింది. ఎడమదానిలో చివరి సగం ఇప్పటికీ రాలేదు. పొద్దున్నే అద్దం దగ్గరికి మిమ్మల్నెవరినీ ఎందుకు రానివ్వనో ఇప్పుడు తెలిసిందా? అక్కకి చెప్పకు.

సరే, కనుబొమలు పోతే పోయాయి. కన్ను వాచిందని కూడా అంది పిన్ని. రెప్పలకి డై వేశావా? 1933లో అమెరికాలో లాష్ లూర్ అని ఒక రెప్పల రంగు అమ్మారు. అందులో పారాఫినైలిన్‌డయమీన్ అనే రసాయనం ఉండేది. అది పెట్టుకుని కొందరికి చూపు పోయింది. 1938లోగానీ సౌందర్య సాధనాల మీద అక్కడ గట్టి చట్టం రాలేదు. అదే మందు ఇప్పటికీ చాలా నల్ల హెయిర్ డైలలో ఉంటుంది. జుట్టుకి వేసేది రెప్పలకి వేస్తే ఏమవుతుందిలే అనుకునే రకానివి నువ్వు. అంత ముచ్చటగా ఉంటే పాతకాలం బిళ్ల మస్కారా వాడుకో. అప్పట్లో దాన్ని ఉమ్మితో తడిపేవాళ్లట, నువ్వు మాత్రం శుభ్రమైన నీళ్లే వాడు. బ్రష్ ఎవరికీ ఇవ్వకు. లెక్చర్ ఇవ్వనని కూర్చున్నాను, చూడు ఎక్కడికి వెళ్లానో.

మసకగా ఉందా? నొప్పిగా ఉందా? ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లు. లేకపోతే మేకప్ లేకుండా, వెలుతురులో, రెండు కళ్లూ కనపడేలా ఒక ఫొటో పంపు. మీ నాన్నకి కాదు, నాకు.

పార్సిల్‌లో నా కనుబొమల పెన్సిల్ ఒకటి పెట్టాను. చెమటకి కారదు.

అమ్మ