కలిపిన ఫోటో అయితే ఆ మాట కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ సైన్స్ పేజీలో ఒక కణం ఫోటో వేశారు. ఎర్రచుక్క మీద ఆకుపచ్చ చుక్క పడి పసుపుగా కనిపిస్తోంది. "రెండు ప్రోటీన్లూ ఒకేచోట ఉన్నాయి" అని కింద రాశారు. ఉండొచ్చు. కానీ అది లోతు మార్చుకుంటూ తీసిన చాలా ఫోటోలను ఒకటిగా కలిపిన బొమ్మ అని మీ వ్యాసంలోనే ఉంది. అలా కలిపినదాన్ని చూసి రెండూ ఒకేచోట ఉన్నాయని చెప్పలేం.

మాది పార్వతీపురం. ఒడిశాలోని రాయగడలో ల్యాబ్ టెక్నీషియన్‌గా 22 ఏళ్లుగా మలేరియా స్లైడ్లు చూస్తున్నాను. మైక్రోస్కోప్‌లో 100 ఎక్స్ ఆయిల్ లెన్స్ కింద ఒకసారికి స్పష్టంగా కనిపించే మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కూడా ఉండదు. ఎర్రరక్తకణం మందమే దాదాపు 2 మైక్రాన్లు ఉంటుంది. అందుకే చూస్తున్నంతసేపూ మా చెయ్యి ఫైన్ ఫోకస్ నాబ్ మీదే ఉంటుంది. కాస్త పైకి, కాస్త కిందికి.

కిందటేడు కొత్తగా చేరిన పిల్లలకు చూపిద్దామని, జీమ్సా రంగు వేసిన స్లైడ్‌ని నాబ్ తిప్పుకుంటూ 12 ఫోటోలు తీశాను. ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపాను. మొదట మ్యాక్సిమమ్ నొక్కాను. అది ప్రతి పిక్సెల్ దగ్గరా అన్ని ఫోటోల్లోకీ ఎక్కువ వెలుగున్నదాన్నే ఉంచుతుంది. నల్లని నేపథ్యంలో మెరిసే ఫ్లోరసెన్స్ ఫోటోలకు అది సరిపోతుంది. మా స్లైడ్‌లో నేపథ్యం తెలుపు, పరాన్నజీవి ముదురురంగు. దాంతో పరాన్నజీవి వెలిసిపోయింది. తక్కువ వెలుగున్నదాన్ని ఉంచే మినిమమ్ పెడితే తిరిగొచ్చింది.

ఆ బొమ్మ చూసి ఒకమ్మాయి, "దీదీ, ఈ కణంలో పరాన్నజీవి ఉంది" అంది. అది పరాన్నజీవి కాదు, కణం మీద పడ్డ ప్లేట్‌లెట్. అదే స్లైడ్ పెట్టి నాబ్ ఆమెచేతే తిప్పించాను. ప్లేట్‌లెట్ తేటపడితే కణం అంచు మసకబారింది. అంచు తేటపడేసరికి ప్లేట్‌లెట్ చెదిరిపోయింది. అప్పుడు "పైన ఉంది దీదీ, లోపల లేదు" అంది. తప్పు ఆమెది కాదు, ఆ తేడా పట్టిచ్చే లోతుని ఫోటోలోంచి తీసేసింది నేను. రిపోర్టులో ఇదే పొరపాటు జరిగితే మలేరియా లేని మనిషి మాత్రలు మింగాలి.

రాత్రిపూట మా మేడ మీంచి చూస్తే కొండ మీద దీపం, కొండ కింద దీపం ఆనుకునే ఉన్నట్టుంటాయి. పైదాని దగ్గరికి నడిచి వెళ్తే తెలుస్తుంది ఎంత దూరమో.

కలపొద్దని నేననడం లేదు. పేజీలో వెయ్యడానికి ఇంకెలాగూ కుదరదు. ఎన్ని ఫోటోలు, ఎంత లోతు, ఏ పద్ధతిలో కలిపారు అన్న ఒక్క వరస కింద వెయ్యండి. రెండూ ఒకేచోట ఉన్నాయని రాసేటప్పుడు మాత్రం కలపని ఫోటో ఒకటి, లేదా పక్కనుంచి కోసినట్టు చూపే బొమ్మ ఒకటి తోడుగా ఇవ్వండి. మీ సైన్స్ పేజీ కత్తిరించి మా ల్యాబ్ గోడకి అంటిస్తుంటాం. ఈసారి ఫోటో పక్కన ఆ వరస నేనే పెన్సిల్‌తో రాశాను.

— ఒక ల్యాబ్ టెక్నీషియన్, రాయగడ