ముందే కట్టించుకున్న భోజనాల డబ్బు గురించి ఫిర్యాదు

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,
హైదరాబాద్ కార్యాలయం.

విషయం: కర్ణాటకలోని కొడగు (కూర్గ్)లో ఉన్న మీ రిసార్టులో ‘అన్ని భోజనాల ప్లాన్’ కింద మేం తినలేకపోయిన భోజనాల డబ్బు వాపసు, ఆ ప్లాన్ అమ్మే పద్ధతిలో మార్పు కోరుతూ.

నమస్కారం.

కార్తీక మాసంలో మా కుటుంబం మడికేరి దగ్గరున్న మీ రిసార్టులో ఆదివారం నుంచి బుధవారం దాకా మూడు రాత్రులు ఉంది. నేను, మా వారు, అత్తయ్య, మావయ్య గారు, ఎనిమిదేళ్ల మా అమ్మాయి. గది అద్దెలో ఉదయం టిఫిన్ కలిసే ఉంది. దానిపైన మధ్యాహ్నం, రాత్రి భోజనాలకని పెద్దవాళ్లకు తలకు రోజుకు 1,800, పాపకు 900 చొప్పున మూడు రోజులకు 24,300 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 4,374, మొత్తం 28,674 రూపాయలు బుకింగ్ రోజే కట్టాం. ఆరు పూటలకు డబ్బు తీసుకుని మీరు పెట్టింది నాలుగు పూటలు. ఆ నాలుగింటిలో రెండు పూటలు చెప్పిన భోజనం కాదు.

డబ్బు సంగతి చివర్లో లెక్కతో సహా రాస్తాను. అంతకంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. ఈ ప్లాన్ తీసుకుంటే లాభమా, ఎక్కడికక్కడ తింటే లాభమా అని తేల్చుకోవడానికి కావలసిన సమాచారమంతా మీ దగ్గరే ఉంది. అడిగినా మాకు ఇవ్వలేదు. నా అసలు ఫిర్యాదు అదే.

బుకింగ్‌కు ముందు మీ సేల్స్ ఆఫీసుకు ఫోన్ చేశాను. రెస్టారెంట్ మెనూ కార్డు ధరలతో సహా వాట్సాప్‌లో పంపమని అడిగాను. మామూలుగా ఆర్డర్ చేసుకుని తింటే ఎంతవుతుందో తెలియకుండా పూటకు 900 ఎక్కువో తక్కువో ఎలా చెప్పగలను? ‘రేట్లు మారుతుంటాయి మేడమ్, అక్కడికి వెళ్లాక చూసుకోండి’ అన్నారు. భోజన వేళలు అడిగితే ‘ఫ్లెక్సిబుల్’ అన్నారు. చుట్టుపక్కల హోటళ్లున్నాయా అని అడిగితే ‘12 కిలోమీటర్ల వరకు ఏమీ దొరకదు, పెద్దవాళ్లను తీసుకొస్తున్నారు కదా, ఇబ్బంది పడతారు’ అన్నారు. ఆ చివరి మాటతోనే నేను ప్లాన్ తీసుకున్నాను. అక్కడికి వెళ్లాక చూస్తే మీ గేటు నుంచి మూడు కిలోమీటర్లలోపే ఊరి కూడలిలో అన్నం, అక్కి రొట్టె, కూరలు పెట్టే హోటళ్లు రెండున్నాయి. రోజూ ఆ దారినే తిరిగే మీ సిబ్బందికి ఈ సంగతి తెలియకుండా ఉండదు.

మీ వెబ్‌సైట్‌లోనూ ఇదే ధోరణి. గది ఎంచుకుని డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి భోజనాల ప్లాన్‌కు ముందే టిక్ పెట్టి ఉంది. పైన ‘ఈ ధర ఇంకా 15 నిమిషాలే’ అని గడియారం తిరుగుతోంది. మర్నాడు చూసినా అదే ధర, అదే 15 నిమిషాలు. వినియోగదారుడు అడగకుండా అదనపు సేవను బిల్లులో చేర్చడం, లేని తొందర పుట్టించడం, ఈ రెండూ 2023 నవంబరులో కేంద్రం తెచ్చిన డార్క్ పాటర్న్స్ (కొనేవాళ్లను మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో నిషేధించినవే.

ఇక జరిగింది రాస్తాను.

ఆదివారం మధ్యాహ్నం 1.40కి రిసార్టు చేరాం. మీ మధ్యాహ్న భోజనం 12.30 నుంచి 2.30 వరకు. చెక్ ఇన్ 2 గంటలకు. ‘ముందు భోంచేసి వస్తాం, ఆ తర్వాత ఫారాలు నింపుతాం’ అని మా వారు అడిగారు. చెక్ ఇన్ అయితే గానీ కూపన్లు ఇవ్వరట. మాకంటే ముందు ఒక కంపెనీ వాళ్ల బృందం ఉంది. ఆధార్ కార్డుల జిరాక్సులు, సంతకాలు అయ్యి కూపన్లు చేతికొచ్చేసరికి 2.35. రెస్టారెంట్‌కు వెళ్తే గిన్నెలు ఎత్తేస్తున్నారు. షుగరున్న మావయ్య గారికి నేను బ్యాగులోంచి బిస్కెట్లు తీసి ఇవ్వాల్సి వచ్చింది. డ్యూటీ మేనేజర్‌ను అడిగితే ‘దీని బదులు వెళ్లే రోజు మధ్యాహ్నం తినండి’ అన్నారు. వెళ్లే రోజు గది ఖాళీ చేయాల్సింది 11కి, భోజనం మొదలయ్యేది 12.30కి. అక్కడి నుంచి బెంగళూరు రోడ్డు మీద ఐదారు గంటలు. మాకు సాయంత్రం రైలు. అలాంటప్పుడు ఆ పూట మాకెలా పనికొస్తుంది?

ఇది మా ఒక్కరికే ఎదురైన ఇబ్బంది కాదని దయచేసి గమనించండి. 2కి గది ఇచ్చి, 2.30కి వంటశాల మూసి, 11కి గది ఖాళీ చేయించే చోట మూడు రాత్రులుండే మనిషికి నిశ్చింతగా దక్కేది రెండు మధ్యాహ్న భోజనాలే. మీరు మూడింటికి డబ్బు తీసుకుంటున్నారు. ఒక్క రాత్రి ఉండేవాళ్ల సంగతి ఇంకా అన్యాయం, కట్టిన ఒక్క మధ్యాహ్న భోజనమూ ఆ అరగంట మీదే ఆధారపడి ఉంటుంది.

సోమవారం తలకావేరి వెళ్లాం. కార్తీక సోమవారం నాడు భాగమండలలో త్రివేణి సంగమ స్నానం చేసి కావేరి పుట్టిన చోటు చూడాలన్నది అత్తయ్య కోరిక. ఈ ప్రయాణం పెట్టుకున్నదే అందుకోసం. మడికేరి నుంచి తలకావేరి దాదాపు 45 కిలోమీటర్లు, కొండదారి. స్నానం, దర్శనం చేసుకుని 2.30లోపు తిరిగి రావడం పెద్దవాళ్లతో అయ్యే పని కాదు. కొడగుకు వచ్చేవాళ్లు చూసేవి తలకావేరి, దుబారె ఏనుగుల శిబిరం, బైలకుప్పెలోని టిబెటన్ల ఆలయం. తలకావేరి ఒక దిక్కున, మిగతా రెండూ ఇంకో దిక్కున ఉంటాయి. పగలంతా బయట తిరిగే చోట మధ్యాహ్న భోజనం రిసార్టులోనే తినాలంటే, చూడడానికి వచ్చింది మానుకోవాలి, లేదంటే కట్టిన డబ్బు వదులుకోవాలి.

అందుకే ముందు రోజు రాత్రే మీ వాళ్లను అడిగాను, పులిహోరో పెరుగన్నమో ఏదో ఒకటి డబ్బాల్లో కట్టివ్వమని. ‘బఫే లోపల తినడానికే’ అన్నారు. అత్తయ్యకు ఆ రోజు ఉపవాసం, చీకటి పడి దీపం పెట్టాకే తింటారు. ఒక మనిషి ఒక పూట తినరు, ఆ మేరకు తగ్గించండి అని బుకింగ్‌కు ముందే చెప్పాను. గదిలో ఉన్నవాళ్లందరూ ప్లాన్ తీసుకోవాల్సిందే, పూటలు విడదీయడం కుదరదు అని జవాబు. మిగిలిన నలుగురం భాగమండలలో ఒక చిన్న హోటల్లో వేడివేడిగా తృప్తిగా తిన్నాం. నలుగురి బిల్లు కలిపినా మీ దగ్గర ఒక్కరికి కట్టిన 900 దాటలేదు.

మావయ్య గారి విషయం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇన్సులిన్ తీసుకునే మనిషి, రాత్రి 7కల్లా తినాలి. మీ రాత్రి భోజనం 8కి మొదలవుతుంది. గంట ముందు రెండు చపాతీలు, కూర, పెరుగు ఇప్పించమని ఆదివారం సాయంత్రం అడిగితే గదికి పంపారు. మంచివాళ్లే అనుకున్నాను. మూడు సాయంత్రాలకు కలిపి 690 రూపాయలు రూమ్ సర్వీసు కింద చివరి బిల్లులో కనిపించింది. ఆయన రాత్రి భోజనానికి 900 చొప్పున అప్పటికే కట్టి ఉన్నాం. ఆ మూడు రాత్రులూ ఆయన బఫే హాలులో అడుగు పెట్టలేదు. ఒకే మనిషి దగ్గర ఒకే పూటకు రెండుసార్లు డబ్బు తీసుకోవడాన్ని మీ అకౌంట్స్ విభాగం ఏ పేరు పెట్టి సమర్థిస్తుందో రాతపూర్వకంగా చెప్పండి.

మంగళవారం ఉదయం కంపెనీ బృందం వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం బఫే లేదు. అతిథులు తక్కువైతే బఫే ఉండదట, ‘సెట్ మెనూ’ ఇస్తారట. పప్పు, ఒక కూర, చికెన్ కూర, రొట్టెలు, అన్నం, గులాబ్ జామూన్. రాత్రికి కూడా అదే వరస. వంట బాగోలేదని నేననను, బాగానే ఉంది. కానీ ఆదివారం రాత్రి ఇరవైకి పైగా వంటకాలు పెట్టిన ధరే దీనికీ తీసుకున్నారు. మెనూ కార్డు మొదటిసారి నా చేతికి వచ్చింది అప్పుడే. మేం తిన్నవే కార్డు చూసి ఆర్డర్ చేసి ఉంటే ఐదుగురికి 2,600 అయ్యేది. ప్లాన్‌లో కట్టింది 4,050. ఆ కార్డును ఫొటో తీసి జతపరుస్తున్నాను. ఫోన్‌లో నేను అడిగింది ఈ కార్డునే.

మీ ప్రకటనల్లో కడంబుట్టు, నూపుట్టు, వెదురు కొమ్ముల కూర లాంటి కొడగు వంటకాల ఫొటోలు పెట్టారు. ఊరు మారినప్పుడు ఆ ఊరి తిండి తినాలని మా వారికి ఇష్టం. బఫేలో ఉన్నవి పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా. కడంబుట్టు కావాలంటే ‘స్పెషల్’, విడిగా డబ్బు. భోజనం తర్వాత కాఫీకీ విడిగా డబ్బే. కిటికీలోంచి చూస్తే కాఫీ తోట. నీళ్ల సీసాలు సరేసరి. ప్లాన్‌లో ఏవి కలవవో బుకింగ్ పేజీలో ఎక్కడా లేదు, గదిలో పెట్టిన కాగితం వెనక ఉంది. ఈ విడి బిల్లు మీద 10 శాతం సర్వీస్ చార్జి వేశారు. మేం అడిగాక తీసేశారు. అది తప్పనిసరిగా వేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. అడగని అతిథుల దగ్గర ఇప్పటికీ వసూలు చేస్తున్నారేమో చూసుకోండి.

మీ రెస్టారెంట్‌లో వడ్డించే కుర్రాడు ఒకరు సోమవారం రాత్రి అత్తయ్య కోసం ఉల్లి, వెల్లుల్లి లేకుండా పప్పు చేయించి, అరటిపండ్లు తెచ్చి పెట్టారు. ఆయన డ్యూటీ అయిపోయాక కూడా ఉండి చేశారు. ఈ ఫిర్యాదు కింది సిబ్బంది మీద కాదు. వాళ్లలో ఎవరి మీదా చర్య తీసుకోవద్దు.

ముందే కట్టే భోజనాల ప్లాన్ ఎక్కడైనా మోసమేనని నేననడం లేదు. అలెప్పీ హౌస్‌బోటులో వంట పడవలోనే చేస్తారు, నీళ్ల మధ్య బయట తినే దారి లేదు, అక్కడ భోజనం కలిపి ధర చెప్పడమే సబబు. మాల్దీవుల్లో చాలా రిసార్టులు ఒక్కోటి ఒక్కో దీవి మీద ఉంటాయి, పక్క వీధి హోటలనే మాటే లేదు. రిసార్టు దాటి కదలకుండా విశ్రాంతిగా ఉండాలనుకునేవాళ్లకు మీ ప్లాన్ కూడా లాభమే కావచ్చు. పగలంతా తిరిగి రాత్రికి చేరుకునే మాలాంటి వాళ్లకు సరిపోయేది టిఫిన్, రాత్రి భోజనం మాత్రమే ఉండే ఎంఏపీ ప్లాన్. హోటళ్లలో అది మామూలుగా ఉండేదే. మీ వెబ్‌సైట్‌లో ఉన్నవి రెండే: టిఫిన్ ఒక్కటే ఉన్న సీపీ, అన్నీ కలిపిన ఏపీ. మధ్యలోది ఎందుకు తీసేశారు?

నేను కోరేది ఇది. ఆదివారం, సోమవారం మధ్యాహ్న భోజనాలకు 4,050 చొప్పున 8,100, దాని మీద కట్టిన జీఎస్టీ 1,458, కలిపి 9,558. మంగళవారం రెండు పూటల సెట్ మెనూకు పూటకు 1,450 తేడా చొప్పున 2,900, జీఎస్టీ 522, కలిపి 3,422. మావయ్య గారి రూమ్ సర్వీసు 690. మొత్తం 13,670 రూపాయలు డబ్బు కట్టిన ఖాతాకే వాపసు చేయండి. క్రెడిట్ నోటు, వచ్చే ట్రిప్పులో డిస్కౌంటు నాకు వద్దు.

దాంతోపాటు బుకింగ్ పేజీలో భోజన వేళలు, విడి ధరలున్న మెనూ కార్డు, అతిథులు తగ్గితే బఫే ఉండదన్న సంగతి, ప్లాన్‌లో కలవని వస్తువులు డబ్బు కట్టక ముందే కనిపించేలా పెట్టండి. ముందే పెట్టిన టిక్ తీసేయండి. వచ్చిన రోజు మధ్యాహ్నం తినలేకపోయినవాళ్లకు ఆ పూట డబ్బు లెక్క నుంచి తగ్గించండి. బయటకు వెళ్లేవాళ్లకు భోజనం కట్టివ్వండి. ముఖ్యంగా షుగరున్నవాళ్లకు, చిన్నపిల్లలకు వేళకు ముందు పెట్టే అన్నానికి మళ్లీ బిల్లు వేయకండి. మా మావయ్య గారు అడిగి తినే మనిషి, ఇంట్లో ఆయన కోసం మాట్లాడేవాళ్లం ఉన్నాం. అడగడానికి మొహమాటపడి 8 దాకా ఆకలితో కూర్చునే పెద్దవాళ్లు మీ దగ్గరకు ఎంతమంది వస్తుంటారో ఆలోచించండి.

బుకింగ్ రసీదు, చివరి బిల్లు, వాడని కూపన్లు, మెనూ కార్డు ఫొటో, రూమ్ సర్వీసు చీటీలు జతచేశాను. ఈ లేఖ అందిన 15 రోజుల్లో వాపసు గానీ, కారణాలతో రాతపూర్వక జవాబు గానీ రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే హైదరాబాద్‌లోనే జిల్లా కమిషన్‌కు వెళ్తాను. రిసార్టు కర్ణాటకలో ఉంది కాబట్టి అక్కడికే రావాలని మీ షరతుల కాగితంలో రాసి ఉంది. వినియోగదారుడు తాను నివసించే చోటే ఫిర్యాదు చేసుకోవచ్చని చట్టంలో ఉంది.

ఇట్లు,
బుకింగ్ చేసిన అతిథి,
హైదరాబాద్.