కరువు వంగడం వార్త ఒక్కరోజుతో ఆగిపోకూడదు

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను బెంగళూరులో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను, ఉండేది జీకేవీకే అనే వ్యవసాయ యూనివర్సిటీ క్యాంపస్ దగ్గర సహకార నగర్‌లో, సొంతూరు కదిరి పక్కన. మీ పేపర్ ఆన్‌లైన్‌లో రోజూ చదువుతా. వానాకాలం ముందు "కరువును తట్టుకునే కొత్త వేరుశనగ వంగడం" లాంటి వార్త ఒకటి వస్తుంటుంది, ఒక ఫోటో, ఒక సైంటిస్టు పేరు, ఇంత శాతం ఎక్కువ దిగుబడి అని ఒక నంబరు, అంతే, ఆ తర్వాత ఆ వంగడం ఊసే ఉండదు. ఆ నంబరు ఎలా వచ్చిందో రాయరు, ఆ గింజ మా ఊరి రైతు చేతికి చేరిందో లేదో కూడా రాయరు. నేను అడిగేది ఈ రెండింటి గురించే. లెటర్ కొంచెం పెద్దదైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

ముందు పరిశోధన సంగతి. ఏ శనక్కాయ చెట్టు తక్కువ నీళ్లతో ఎక్కువ పెరుగుతుందో ఎట్లా కనిపెట్టాలి? వందల రకాలను కుండీల్లో పెట్టి ప్రతి కుండీని రోజూ తూకం వేస్తే తెలుస్తుంది, కానీ అది ఎంత చాకిరీ అనేది చేసినవాళ్లకే తెలుసు. దీనికి దారి ఫిజిక్స్ వైపు నుంచి వచ్చింది. గాలిలో ఉండే కార్బన్‌లో దాదాపు 99 శాతం కార్బన్-12, ఒక్క శాతం చిల్లర కార్బన్-13, రెండోది కొంచెం బరువు. ఆకులోపల కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకునే రుబిస్కో అనే ఎంజైమ్‌కి తేలికది అంటేనే ఇష్టం. పెళ్లి భోజనంలో వడ్డన బాగా ఉన్నప్పుడు నచ్చినవే ఏరుకుని తింటాం, ఉన్నదే కొంచెమైతే అన్నీ తినేస్తాం కదా, రుబిస్కో కూడా అంతే. ఆకు రంధ్రాలు బాగా తెరుచుకుని ఉంటే లోపల గ్యాస్ పుష్కలం, అది ఏరుకుంటుంది. రంధ్రాలు సన్నబడితే బయటికి పోయే నీరు తగ్గుతుంది, లోపలికొచ్చే గ్యాస్ కూడా తగ్గుతుంది, అప్పుడు బరువు కార్బన్‌ని కూడా వాడుకోక తప్పదు. కాబట్టి ఎండబెట్టిన ఆకుపొడిలో కార్బన్-13 వాటా ఎంతుందో చూస్తే ఆ చెట్టు పెరిగినన్నాళ్లూ నీటిని ఎంత పొదుపుగా వాడిందో చెప్పొచ్చు. ఆస్ట్రేలియాలో గ్రాహమ్ ఫార్క్యుహార్, ఆయన తోటివాళ్లు 1982లో ఈ లెక్క తేల్చారు, నాలుగేళ్లకి వేరుశనగ రకాల మీదే దీన్ని పరీక్షించి చూపించారు. ఆ వాటా కొలవాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి, అణువుల బరువులు తేల్చడానికి ఫిజిక్స్ వాళ్లు తయారు చేసుకున్న మెషీన్ అది. మా ఇంటికి దగ్గర్లోనే జీకేవీకే క్యాంపస్‌లో క్రాప్ ఫిజియాలజీ వాళ్ల దగ్గర అలాంటిది ఉంది, ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నారు. అక్కడ జరిగే కృషి మేళాకి హిందూపురం, మడకశిర వైపు నుంచి బస్సుల్లో వచ్చే మనవాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? తెలుగులో ఎవరో ఒకరు రాస్తే కదా తెలిసేది.

ఇంకో మాట. అంత మెషీన్ ప్రతి రీసెర్చ్ స్టేషన్‌లో ఉండదు, అందుకని ఆకుని క్లిప్పులా పట్టుకుని ఎరుపు కాంతి, ఇన్‌ఫ్రారెడ్ పంపించి పచ్చదనం కొలిచే చేతిలో పట్టేంత స్పాడ్ మీటర్ వాడుతున్నారు, వేరుశనగలో ఆ రీడింగ్‌కీ నీటి పొదుపుకీ సంబంధం ఉందని చూపించింది హైదరాబాద్ దగ్గరున్న ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా సైంటిస్టులే. పొలంలో నిలబడి నిమిషంలో కొలిచేయొచ్చు. ఇలాంటివి చదివితే మన పిల్లలకి ఫిజిక్స్ అంటే ఎంట్రన్స్ ఎగ్జామ్ మాత్రమే కాదని తెలుస్తుంది అని నా నమ్మకం.

అయితే నీటి పొదుపు ఉన్నంత మాత్రాన దిగుబడి వస్తుందని కాదు, మీ వార్తల్లో ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. రంధ్రాలు మూసుకుని కూర్చున్న చెట్టు నీళ్లు మిగులుస్తుంది, పెరుగుదల కూడా ఆపుకుంటుంది. జాన్ పాసియోరా అనే ఆస్ట్రేలియా సైంటిస్టు 1977లోనే దీన్ని మూడు ముక్కల్లో పెట్టాడు: చెట్టు తాగిన నీరు, ఒక్కో లీటరు నీటికి పెరిగిన బరువు, ఆ బరువులో గింజకి పోయిన వాటా, మూడూ గుణిస్తేనే దిగుబడి. ఒకటి పెంచబోతే ఇంకోటి తగ్గొచ్చు. అలాగని ఈ దారి పనికిరాదనీ కాదు, ఇదే కార్బన్ పద్ధతితో ఏరిన గోధుమ రకం డ్రైస్‌డేల్‌ని ఆస్ట్రేలియాలో 2002లో విడుదల చేశారు. మూడిట్లో దేన్ని మెరుగుపరిచారు అని సైంటిస్టుని అడగండి చాలు, వార్త స్థాయి మారిపోతుంది.

ఇక నా సబ్జెక్టు. "ఇరవై శాతం ఎక్కువ" అని వేస్తారు, దేనికంటే ఎక్కువ? ట్రయల్‌లో పక్కన పెట్టి పోల్చే రకాన్ని చెక్ అంటారు, చెక్ పాత బలహీనమైన రకమైతే ఏ కొత్తదైనా గొప్పగానే కనిపిస్తుంది. ఎన్ని చోట్ల వేశారు, ఎన్ని సీజన్లు వేశారు, ఆ సీజన్లలో వాన ఎట్లా పడింది? మా ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది, కానీ రైతుని ముంచేది సగటు కాదు, చెట్టు ఊడలు భూమిలోకి దిగి కాయ కట్టే టైమ్‌లో వచ్చే బెట్ట. ట్రయల్ పెట్టిన మూడేళ్లూ ఆ టైమ్‌లో వాన పడి ఉంటే ఆ రకం కరువుకి నిలబడుతుందని ఏ ఆధారంతో అంటాం? ఎర్రనేలలో అయితే ఒకే మడిలో ఒక మూల మట్టి లోతు ఉంటుంది, ఇంకో మూల గులకరాళ్లు తేలి ఉంటాయి, కొత్త రకం లోతు మట్టిలో పడితే గెలిచింది రకమా మట్టా? 1919లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరిన స్టాటిస్టీషియన్ ఫిషర్‌కి ఎదురైంది ఈ ప్రశ్నే, మడిని బ్లాకులుగా విడగొట్టి ఏ రకం ఎక్కడ వేయాలో లాటరీ తీసినట్టు నిర్ణయించాలి అని ఆయన చెప్పింది ఇందుకే, ఇవాళ మందుల ట్రయల్స్ దాకా అందరూ వాడే పద్ధతి పొలంలో పుట్టిందే. మన దేశంలో 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్ కేంబ్రిడ్జ్‌లో ఫిజిక్స్ చదివినాయన, శాంపిల్ సర్వేతో పంట విస్తీర్ణం, దిగుబడి పెద్ద ఎత్తున అంచనా వేయడం మొదలుపెట్టింది ఆయనే. అక్కడే పెద్దవాడైన సి.ఆర్. రావు గారు మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివినాయన, 2023లో ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చినప్పుడు తెలుగువాళ్లమంతా గర్వపడ్డాం. ఆయన సబ్జెక్టుకి మీ వ్యవసాయం పేజీలో నాలుగు లైన్ల చోటు ఇవ్వండి, చెక్ ఏది, ఎన్ని చోట్ల, ఎన్ని సీజన్లు, తేడా ఎంత అటూ ఇటూ ఊగొచ్చు, ఇంతే కావాల్సింది.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను బాధపెట్టే విషయం. టీఎంవీ-2 అనే రకం తమిళనాడు తిండివనంలో తయారై 1940లో వచ్చింది, అరవై ఏళ్లు దాటాక కూడా అనంతపురం జిల్లాలో ఎక్కడ చూసినా అదే. ఈలోపు ఎన్ని వంగడాలు విడుదలయ్యాయి, ఎన్ని ఫోటోలు పడ్డాయి! రైతు మొండివాడు, కొత్తది తీసుకోడు అని తేలిగ్గా అనేస్తారు, నాకు ఆ మాట వింటే కోపం వస్తుంది. లెక్క చూడండి. శనక్కాయ ఎకరాకి 60 నుంచి 80 కిలోల గింజలు కావాలి, మెట్ట పొలంలో ఎకరం పంట మొత్తం విత్తనానికే దాచినా వచ్చే ఏడు ఆరేడు ఎకరాలకి వస్తే గొప్ప. వరి అయితే ఎకరం పంట ఎనభై ఎకరాలకి సరిపోతుంది. పదెకరాల కొత్త విత్తనంతో మొదలుపెట్టామనుకుందాం, ఏటా ఆరు రెట్లు అంటే లక్ష ఎకరాలు దాటడానికి ఆరు పంటలు పడుతుంది, వరికి మూడు చాలు. అది కూడా ఒక్క కాయ అమ్ముకోకుండా, ఒక్క ఏడూ ఎండకుండా ఉంటే. మా దగ్గర ఆరేళ్లు వరసగా పండటం ఎవరైనా చూశారా? ఎండిన ఏడు విత్తనం కూడా పోతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పైగా రైతు తన గింజ తానే దాచుకోగలడు కాబట్టి హైబ్రిడ్ మొక్కజొన్నలా ప్రతి ఏడూ కంపెనీ దగ్గర కొనాల్సిన పని లేదు, కాబట్టి ఈ విత్తనం పెంచి అమ్మడానికి కంపెనీలకి ఆసక్తీ తక్కువే, సబ్సిడీ విత్తనం కోసం క్యూలో నిలబడటమే మిగిలింది.

అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న ఎలా పాకిందో ర్యాన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు రైతులనే అడిగి తెలుసుకుని 1943లో రాశారు, మొదట నెమ్మది, తర్వాత పరుగు, చివర్లో మళ్లీ నెమ్మది, పక్క పొలం చూసి నమ్మిన రైతులే ఎక్కువ. 1957లో గ్రిలికెస్ అనే ఎకనామిస్టు లెక్కలు వేసి, ఒక చోట ముందు ఒక చోట వెనక ఎందుకంటే లాభం ఎక్కడ ఎక్కువో అక్కడ త్వరగా పాకింది అని చూపించాడు. మొండితనం లెక్క కాదు. మన దగ్గరా అంతే, ఇక్రిశాట్ వాళ్ల ఐసీజీవీ 91114 అనే వేరుశనగ రకాన్ని అనంతపురం రైతుల పొలాల్లోనే, వాళ్లతో కలిసి ట్రయల్ వేసి చూపించాక నమ్మకం కుదిరింది, ఆ తర్వాత కదిరి-6 విత్తనం చేతికి అందేసరికి దాన్నీ బ్రహ్మాండంగా పట్టుకున్నారు. లాభం కనిపించి, విత్తనం దొరికితే మా రైతు ఎవరికీ తీసిపోడు.

అందుకని అడుగుతున్నా, వంగడం విడుదలైన రోజు రాసినంత వార్త మూడేళ్లకి ఒకసారి, ఆరేళ్లకి ఒకసారి మళ్లీ రాయండి. ఎంతమంది వేశారు, ఎంతమంది ఒక ఏడు వేసి మానేశారు, మానేసినవాళ్లు ఎందుకు మానేశారు. మానేసిన రైతు దగ్గర దొరికే కారణం ల్యాబ్‌లో దొరకదు, కాయ ఒలిస్తే గింజ తక్కువ రావచ్చు, మండీలో రేటు కోసేయొచ్చు, కాయలు తీశాక మిగిలే కట్టె పశువులు తినకపోవచ్చు, అది తిరిగి సైంటిస్టుకి చేరేది ఎవరైనా రాస్తేనే. ఇప్పుడు మా వైపు అందరి నోటా కదిరి లేపాక్షి అనే వేరుశనగ రకం పేరు ఉంది, అక్కడి నుంచే మొదలుపెట్టండి, రిపోర్టర్ని రీసెర్చ్ స్టేషన్‌కి ఒక్కరోజు, ఊళ్లకి నాలుగు రోజులు పంపించండి. ట్రయల్ లెక్కలు అర్థం చేసుకోవడానికి సాయం కావాలంటే నేను, నా దగ్గర ఎమ్మెస్సీ చదివే తెలుగు పిల్లలు సిద్ధంగా ఉన్నాం, డబ్బులేమీ అక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సహకార నగర్, బెంగళూరు