గుత్తి కోట ఎక్కేవాళ్ళకు గుక్కెడు నీళ్ళు కావాలి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మొన్నొక ఆదివారం పదకొండేళ్ళ మా అమ్మాయిని తీసుకుని గుత్తి కోటకు వెళ్ళాను. కర్నూలుకు పోయే ప్రతిసారీ బస్సు కిటికీలోంచి చూసే కొండే, ఎక్కడం మాత్రం అదే మొదలు. పొద్దున ఏడింటికే బయలుదేరాం. తెచ్చుకున్న రెండు సీసాల నీళ్ళూ పైకి చేరేసరికే అయిపోయాయి. దిగేటప్పుడు బండలు కాలిపోతున్నాయి, పిల్లకు కళ్ళు తిరిగాయి. చుట్టూ మనిషి లేడు, చుక్క నీరు లేదు. ఆ పావుగంట నేను పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. కింద మేకలు కాచుకుంటున్న ఒక పెద్దాయన పరుగున వచ్చి తన సీసా ఇచ్చాడు. ఆయనకు రుణపడి ఉంటాను.

నీళ్ళ సంగతి గుత్తికి కొత్త కాదు సార్. బుక్కరాయల నాటి శాసనం ఈ కోటను దుర్గాలకే రాజు అంది. అలాంటి కోటను 1776లో హైదర్ అలీ గెలిచింది ఫిరంగుల బలంతోనే కాదు. కింది కోట, ఊరు పోయినా మరాఠా నాయకుడు మురారి రావు ఘోర్పడే కొండపైన నిలబడ్డాడు. చివరికి పైన నీళ్ళు అడుగంటాయి, లొంగక తప్పలేదు. తర్వాత మైసూరు సీమలోని కబ్బాళదుర్గం కోటలో బందీగానే చనిపోయాడు. కొండ అంచున నున్నటి గచ్చుతో ఒక చిన్న మంటపం ఉంది. మురారి రావు అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని చెప్పుకుంటారు. అక్కడ నిలబడితే ఊరు, రైలు పట్టాలు, చేలు అన్నీ అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తాయి. మా అమ్మాయి ఆ కథ రెండుసార్లు చెప్పించుకుంది. నాకు తెలుసు కాబట్టి చెప్పాను, తెలియనివాళ్ళకు చెప్పేదెవరు?

కింద ఇంగ్లీషువాళ్ళ సమాధుల దొడ్డి ఉంది. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను మొదట పూడ్చింది గుత్తిలోనే. ఆ తర్వాతే మద్రాసుకు తరలించారు. మన సీమలో మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకున్న ఇళ్ళున్నాయి. ఆ సమాధి సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

కోట కేంద్ర రక్షణలో ఉన్న కట్టడమని తెలుసు. రాయి కదపాలన్నా అనుమతులు కావాలి. అందుకే మీరు కేంద్రంతో ఒక మాట మాట్లాడండి. మెట్ల మొదట్లో, దారి మధ్యలో ఒక నీడపట్టున తాగునీళ్ళు పెట్టించండి. బండల్లో తొలిచిన పాత నీటిగుంటల్లో నాచు, ప్లాస్టిక్ సీసాలు చూశాను. వాటిని శుభ్రం చేయిస్తే పైన నీళ్ళెలా దాచుకున్నారో పిల్లలకు కళ్ళారా చూపించొచ్చు. గుత్తి ఊళ్ళో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లల్లో పదిమందికి కోట చరిత్ర నేర్పించి, దారి చూపేవాళ్ళుగా పెట్టండి. ఊరి పేరు నిలబడుతుంది, వాళ్ళకూ ఆదాయం ఉంటుంది. వీటికి కోట్లు అక్కర్లేదు.

వచ్చే ఎండాకాలం సెలవుల్లో అమ్మాయి తన స్నేహితురాళ్ళతో మళ్ళీ వెళ్దామంటోంది. ఇంకా సరేనని చెప్పలేదు. అప్పటికి కనీసం నీళ్ళ ఏర్పాటైనా చేయించండి సార్.

ఇట్లు,
అనంతపురం నుంచి ఒక తండ్రి